లైనుకొక బిళ్ల

ఆ బడిలో ప్రపంచానికి వారానికి రెండు పీరియడ్లు. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. రెండూ మధ్యాహ్నం భోజనాలయ్యాకే, అంటే సగం క్లాసు కళ్లు మూసుకుని, మిగతా సగం కళ్లు తెరుచుకుని నిద్రపోయే వేళ. లెక్కలకి ఆరు, సైన్సుకి ఆరు, ఆఖరికి డ్రిల్లుకి కూడా మూడు పంచిపెట్టాక అడుగున మిగిలిన రెండూ ప్రపంచానికి విదిలించారు. సబ్జెక్టు పేరు మాత్రం పీరియడు కంటే పొడుగు: ‘విశ్వపౌరసత్వం, సామాజిక న్యాయం’. అది పైనుంచి వచ్చింది. పైనుంచి వచ్చేవి మూడు: వాన, పిట్ట రెట్ట, సర్క్యులరు. మొదటిదానికి గొడుగుంది, రెండోదానికి చేతిగుడ్డ ఉంది, మూడోదానికి సోషల్ మాస్టారున్నారు.

పరీక్ష లేదు, మార్కులు లేవు. కనక ఎవరికీ అక్కర్లేదు. గ్లోబు ఎవరి బల్ల మీదుంటే వాళ్లకే ఇచ్చేద్దామని హెడ్మిస్ట్రెస్ గారు తేల్చేశారు. ఆ రోజు నుంచి సోషల్ మాస్టారు ‘ప్రపంచం మాస్టారు’ అయిపోయారు. మనిషి నలభై ఎనిమిదేళ్లవాడు. వరండాలో ముందు గొంతు వచ్చేది, తర్వాత బొజ్జ వచ్చేది, ఆఖర్న ఆయన వచ్చేవారు. ఇంట్లో భార్య, “ప్రపంచాన్ని తర్వాత ఉద్ధరిద్దురుగాని, ముందా కుళాయికి వాషరు వేయించండి” అని మొత్తుకునేది. ఆయన వినలేదు. ఆ పుస్తకాన్ని ఆయన నమ్మారు. బడి మొత్తంలో దాన్ని నమ్మింది ఆయనొక్కరే. నమ్మి చెడినవాడు లేడని సామెత. నిజమే, ఈ కథలో మాస్టారేమీ చెడరు.

ఆయనకొక సూత్రం ఉండేది. నల్లబల్ల మీద పై అంచున తెల్లరంగుతో రాయించి, ఎవరూ చెరపకుండా వార్నిష్ కూడా కొట్టించారు: ‘ఆధారం లేని మాట ఆవలింతతో సమానం.’ ఎవరైనా “మా బాబాయి చెప్పాడు సార్” అంటే, ఆయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పెద్దగా ఆవులించి చూపించేవారు. క్లాసంతా ఆవులించేది. ఆవలింత అంటురోగం గదా, పక్క క్లాసులో లెక్కల టీచరు కూడా ఆవులించేది.

ఆ గురువారం, ఎవరింట్లోంచి వాళ్లు ఒక వస్తువు తెచ్చుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలన్నారు. ఒకడు బ్యాటరీ తెచ్చాడు, ఒకతె పెన్సిలు తెచ్చింది. పెద్ద బట్టల దుకాణం వాళ్లబ్బాయి మాత్రం పొర కాగితంలో చుట్టి ఒక చొక్కా తెచ్చాడు. వాడి ముద్దుపేరు షోకేసు.

“పై దేశం సరుకు సార్. మా నాన్న తెప్పించాడు. ఒరేయ్, ముట్టుకోకండి! చేతులు కడుక్కున్నారా ఎవరైనా?”

చొక్కా బెంచీల మీదుగా నడిచింది. మూడో బెంచీలో ఒక పిల్ల దాన్ని తిరగేసి, పక్కకుట్టు లోపల వేలు పెట్టి, చేప మొప్ప తెరిచినట్టు తెరిచి చూసింది. క్లాసులో ఆ పిల్లని ‘గుండీ’ అంటారు. పదమూడేళ్లది. మనిషి గుండ్రంగా చిన్నగా ఉంటుంది, యూనిఫాం మీద ఆరు గుండీల్లో ఒకటెప్పుడూ వేరే రంగుది ఉంటుంది. తల్లి రోజుకి వందల గుండీలు కుడుతుంది, కూతురి గుండీకి తీరిక దొరకదు.

“ఇది మా అమ్మది సార్,” అంది గుండీ.

“ఏది మీ అమ్మది?”

“చొక్కా.”

వెనకనించి ఎవడో అరిచాడు: “మీ అమ్మ చొక్కాలేసుకుంటుందేంటే?”

“వేసుకోదురా, కుడుతుంది. కావాలంటే నీ నోటికి కూడా నాలుగు కుట్లేస్తుంది, రా.”

క్లాసు విరగబడి నవ్వింది. గుండీ నవ్వలేదు, వేలు తియ్యలేదు.

“మెడ దగ్గరుండేది కంపెనీ లేబులు సార్. లోపల ఇంకోటుంటుంది, గోరంతది. ఇదిగో. పద్నాలుగంటే లైను. ఇరవై రెండంటే మిషను. చొక్కాలో తప్పొస్తే ఎవర్ని తిట్టాలో తెలియాలిగా, అందుకేస్తారు. లైను పద్నాలుగు, మిషను ఇరవై రెండు అంటే మా అమ్మే.”

మాస్టారి ఒళ్లు పులకరించింది. ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో పాఠం తనంతట తాను నడిచొచ్చి బల్లెక్కి కూర్చోవడం ఇదే మొదలు. ఊరి చివర షెడ్డులో పుట్టిన చొక్కా ఓడెక్కి, సముద్రాలు దాటి, పేరు మార్చుకుని, ధర పెంచుకుని, మళ్లీ పుట్టింటికే వచ్చింది! ఆయన గ్లోబుని గిర్రున తిప్పారు. అది నాలుగు చుట్లు తిరిగి, ఇరుసు కిర్రుమని ఆగింది.

“మీ అమ్మ పనిచేసే చోటు ఎలా ఉంటుందో చెప్పమ్మా.”

గుండీ కొంచెం ఆలోచించింది. “ఫ్యాన్లుంటాయి సార్. లైనుకి నలభై మంది. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకి ఒక చెక్క బిళ్ల వేలాడుతుంటుంది. బాత్రూముకి వెళ్లాలంటే అది మెళ్లో వేసుకునెళ్లాలి. ఒకళ్లు తిరిగొచ్చి తగిలిస్తే ఇంకొకళ్లు.”

“నలభై మందికి ఒకటేనా?”

“లైనుకొకటే. అందుకే మా అమ్మ పొద్దున్నుంచి నీళ్లు తాగదు. ఇంటికొచ్చాక చెంబెత్తి గటగటా తాగేస్తుంది. డాక్టరు తిట్టాడు కూడా. మొన్న పక్క మిషనావిడైతే...” అని ఆగిపోయింది.

“చెప్పు.”

“బిళ్ల దొరకలేదు సార్. కూర్చున్న చోటే అయిపోయింది. ఆవిడ మర్నాటి నుంచి పనికి రాలేదు.”

ఎవరూ నవ్వలేదు. నోటికి కుట్లు వేయించుకోవాల్సినవాడు కూడా తలవంచుకుని బెంచీ మీద గోటితో గీతలు గీశాడు. మధ్యాహ్నప్పూట ఆ క్లాసు మొత్తం మేలుకుని ఉండడం అదే మొదటిసారి.

ఇంక మాస్టారిని ఆపేదెవరు? “పిల్లలూ! ఉత్తరం కావాలంటే ఉత్తరం రాయాలి. ఎవరికి రాద్దాం? ఆ షెడ్డు మేనేజరుకా? చించి పారేస్తాడు. చొక్కాలు కొనే పెద్ద కంపెనీకి రాద్దాం. వాళ్లకి పరువుంటుంది.” పరువుకీ బరువుకీ ఒక్క అక్షరమే తేడా అనీ, బరువెప్పుడూ కిందవాళ్ల మీదే పడుతుందనీ అప్పటికింకా ఆయనకి తట్టలేదు.

రెండు వారాలు రాశారు. షోకేసు ఫోనులో కంపెనీ చిరునామా వెతికి పెట్టాడు, ఇంగ్లీషు టీచరు భాష దిద్దింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సాపుగా రాసే పని గుండీకిచ్చారు. పేర్ల విషయంలో మాస్టారు నిక్కచ్చి. పుస్తకంలో కూడా ఉంది, బాధితుల వివరాలు బయటపెట్టరాదని. చిత్తుప్రతిలో ‘మా స్నేహితురాలి తల్లి’ అని ఉంటే కొట్టేసి ‘ఒక కార్మికురాలు’ అని రాశారు. గుండీ అన్న మాట ఎక్కడుంటే అక్కడ నల్లసిరాతో పూడ్చేశారు.

“మా అమ్మకేం కాదుగా సార్?” అని గుండీ ఒకసారి అడిగింది.

“పేరెక్కడుందో చూపించు. పూచీ నాది.”

గుండీ మూడు పేజీలూ వేలు పెట్టి వెతికింది. అమ్మ పేరు లేదు, తన పేరు లేదు. నిజంగానే లేదు. నవ్వింది.

మీ అమ్మకి ఈ సంగతి చెప్పావా, ఆవిడేమంది అని మాత్రం ఆయన అడగలేదు. ఆ క్లాసులో ముప్పై ఎనిమిది మంది విశ్వపౌరులుండేవారు. ఆ ప్రశ్న ఒక్కరికీ రాలేదు.

ఉత్తరం కవర్లో పెట్టబోతూ మాస్టారు నల్లబల్ల పై అంచు చూశారు. ఆధారం! ఆధారం లేకుండా పంపితే అంత పెద్ద కంపెనీ పెద్దగా ఆవులించదూ? షోకేసు చొక్కా తెప్పించి, పక్కకుట్టులోంచి ఆ గోరంత లేబులు కత్తిరించారు. “చిల్లు పడదుగా సార్?” అని వాడు విలవిల్లాడాడు. చిల్లు పడలేదు, చొక్కాకైతే. మూడో పేజీ అడుగున ‘ఇందుకు సాక్ష్యం’ అని రాసి లేబులు అక్కడ ఉంచి పిన్ను కొట్టారు. కాగితం కదలకుండా రెండు చేతులా పట్టుకున్నది గుండీయే. తన తల్లి నంబరు విదేశం వెళ్తోందని ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ నంబరుకి అర్థమేమిటో రెండు వారాల కింద క్లాసు మొత్తానికి చదివి వినిపించిందీ ఆ పిల్లే. విన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. మాస్టారి దృష్టిలో మాత్రం అది చొక్కా గుర్తు, మనిషి గుర్తు కాదు. ఎంత చదువుకున్నవాడికైనా ఒక్కోసారి కళ్లుంటాయి, చూపుండదు.

రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం ప్రార్థన కాకముందే గుండీ స్టాఫ్ రూములోకి దూసుకొచ్చింది.

“సార్! నలభై బిళ్లలు సార్! బుట్టెడు! పై దేశం నుంచి తనిఖీకి వచ్చారంట. ఎవరిక్కావాలంటే వాళ్లు వెళ్లొచ్చంట. మా అమ్మ నిన్న నాలుగు సార్లు వెళ్లిందంట, ఊరికే!”

మాస్టారు కుర్చీలోంచి లేచి ఆ పిల్ల చెయ్యి పట్టి ఊపేశారు. స్టాఫ్ రూములో అందరికీ టీ చెప్పారు. లెక్కల టీచరు కూడా ఆ రోజు ఆవులించలేదు.

తనిఖీ వాళ్లు మూడు రోజులున్నారు. నాలుగో రోజు బుట్ట పోయింది, మేకు మిగిలింది. ఆ సంగతి బడిదాకా రాలేదు. బడికి వచ్చింది వేరు: ఒక పెట్టె, ఒక ఉత్తరం, ఒక ప్రశంసాపత్రం. ‘మీ విద్యార్థుల లేఖ మమ్మల్ని కదిలించింది. దాన్ని అవసరమైన వివరణ కోసం సంబంధిత యూనిట్ యాజమాన్యానికి పంపించాం.’ పెట్టెలో నలభై తెల్ల బనీన్లు. వాటి మీద నీలి అక్షరాలు: ‘మనమంతా ఒక్కటే’.

హెడ్మిస్ట్రెస్ గారికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ శుక్రవారమే సభ పెట్టించారు. మైకు తెప్పించారు, ఫొటోవాణ్ని పిలిపించారు. “మాస్టారూ, మీరు కూడా వేసుకోవాలండోయ్” అని ఒక బనీను ఆయన చేతిలో పెట్టారు. అది ఆయన సైజు కాదు. చొక్కా మీదనించి లాగితే ‘మనమంతా’ ఛాతీ మీద నిలిచింది గానీ, ‘ఒక్కటే’ బొజ్జ మీద సాగి, అక్షరాలు దేనికది విడిపోయాయి.

వేదికెక్కాక పిల్లల వరసలు చూశారు. మూడో బెంచీ పిల్లలున్నారు, గుండీ లేదు. వారం నుంచీ రావడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. జ్వరమేమో అనుకున్నారు. సభ అయ్యాక షోకేసుని పక్కకి పిలిచారు.

“గుండీ ఏదిరా?”

వాడు బనీను అంచు నలుపుతూ నసిగాడు. “వాళ్లమ్మని పనిలోంచి తీసేశారంట సార్. మా దుకాణంలో చెప్పుకుంటున్నారు. మన ఉత్తరం వల్లేనంట.”

“మన ఉత్తరంలో పేరే లేదు కదరా!”

“పేరు లేదు సార్. నంబరుంది.”

మాస్టారు ఎవరికీ చెప్పకుండా గేటు దాటారు.

రైలు పట్టాలవతల వరసగా రేకుల గదులు. గుండీ వాళ్లది అయిదోది. గుమ్మంలో నిలబడ్డాకగాని ఒంటి మీద బనీను ఇంకా ఉందని ఆయనకి తెలియలేదు. విప్పుదామంటే తలలోంచి రాదు, చెయ్యి పైకెత్తితే చొక్కా కూడా లేస్తోంది. అలాగే లోపలికి వెళ్లారు.

మంచం మీద తండ్రి. ఒకప్పుడు లారీలకి మూటలెత్తేవాడు. నడుం విరిగి రెండేళ్లు. మాస్టారి బనీను చదివి నవ్వాడు.

“మనమంతా ఒక్కటేనాండీ? రండి మరి, మంచమ్మీద కొంచెం జరుగుతాను. లేవలేను, ఏమనుకోకండి. మీ గ్లోబులాగే నేనూ, ఉన్నచోటే తిరగడం.”

“ఊరుకో నువ్వు,” అంది భార్య. ఆమె నేల మీద కూర్చుని పాత దుప్పటికి మాసిక వేస్తోంది, చేత్తో. నాలుగేళ్ల పిల్లవాడు ఆమె వీపుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. గుండీ స్టవ్ దగ్గర నిలబడి మాస్టారి కేసి చూసింది. యూనిఫాం వేసుకునే ఉంది, బడికి రాకపోయినా.

“కూర్చోండి మాస్టారూ. ముక్కాలిపీట వెయ్యవే.”

ఆయన కూర్చోలేదు. “అమ్మా, నేను... ఎలా జరిగిందసలు?”

“ఎలా జరగడమేంటి? పిలిచారు. వెళ్లాను. బల్ల మీద మీ కాగితం ఉంది. మా అమ్మాయి చేతిరాత నాకు తెలీదా? మేనేజరు లేబులు మీద వేలు పెట్టి, ‘ఇది నీదేనా?’ అన్నాడు. నాదే అన్నాను. కాదంటే ఎలా, కుట్టు చూస్తే తెలిసిపోతుంది.” దారం పంటితో తెంపింది. “తీసెయ్యలేదండీ. నా అంతట నేనే మానేస్తున్నానని రాయించుకున్నాడు. మిగతా నాలుగు షెడ్ల గేట్ల దగ్గరా నా ఫొటో ఉందంట. ఎక్కడికెళ్లినా వాచ్‌మన్ ముందు గోడ చూసి, తర్వాత నన్ను చూస్తున్నాడు.”

“ఇది అన్యాయం. మళ్లీ రాద్దాం. ఈసారి ఇంకా పైకి...”

“రాయండి,” అందామె నెమ్మదిగా. “ఈసారి దేన్ని గుచ్చుతారు?”

బోధకీ బాధకీ మధ్య ఉన్నది ఒక్క గుణింతమే అని మాస్టారు క్లాసులో సరదాగా అంటూ ఉండేవారు. ఆ గుణింతమేమిటో ఆ గదిలో తెలిసింది. ఆయన పీట మీద కూర్చున్నారు.

“నన్నొక్క మాట అడిగితే పోయేది మాస్టారూ,” అందామె. “వద్దనేదాన్నని కాదు. ఏమో, సరేననేదాన్నేమో కూడా. పక్కావిడకి అలా జరిగినప్పుడు నేనే ఆవిడ చీర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. నాక్కూడా రాయాలనే ఉంటుంది. కానీ లేబులు వద్దనేదాన్ని. ఆ బుర్ర నాకుంది. అడగలేదు మీరు.”

మంచం మీంచి తండ్రి ఏదో జోకు వెయ్యబోయి దగ్గాడు.

“ఇప్పుడేం చెయ్యమంటారు? చెప్పండి, ఏదైనా చేస్తాను.”

“ఒక కాగితం కావాలి. దీనికి పదహారు నిండినట్టు. బడి కాగితముంటే షెడ్డులో కార్డిస్తారు. ఇంటిపేరు దీనిది నాన్నది, నా కార్డు మీదున్నది పుట్టింటిది, గేటు దగ్గర తెలీదు.”

మాస్టారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పీట మీంచి లేచిపోయారు. “పదమూడేళ్ల పిల్లమ్మా! ఎనిమిదో తరగతి! అది చదవాలి. ఆ పని నేను చెయ్యలేను. మేనేజరుతో నేను మాట్లాడతాను. లేబులు పెట్టింది నేనని చెప్తాను. మీ పని మీకొస్తుంది.”

“వస్తే మంచిదే,” అంది ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

మర్నాడు శనివారం. బనీను లేకుండా, ఇస్త్రీ చొక్కాతో మాస్టారు షెడ్డుకి వెళ్లారు. మేనేజరు చాలా మర్యాదస్తుడు, వయసులో చిన్నవాడు, లేచి కుర్చీ చూపించాడు. అద్దాల గదిలోంచి లైన్లన్నీ కనిపిస్తున్నాయి. వంగిన వీపులు, ఒకే తీరున కదిలే మోచేతులు. ప్రతి లైను చివరా బల్ల, బల్ల పక్కన మేకు. ఏ మేకుకీ బిళ్ల లేదు. ఎవరో ఒకరి మెళ్లో ఉంది. ఎదురుగా ఉన్న లైనులో ఒకావిడ కుడుతూనే మాటిమాటికీ తలెత్తి ఆ మేకు కేసి చూస్తోంది.

“తప్పు నాది. ఆవిడకి తెలీదు ఉత్తరం సంగతి,” అన్నారు మాస్టారు.

“అయ్యో, మేమెవర్నీ తీసెయ్యలేదండీ. ఆవిడే రాసిచ్చారు, సంతకం ఉంది. చూస్తారా? మీరు ఆధారాల మనిషి కదా.” నవ్వుతూనే అన్నాడు. “నిజం చెప్పాలంటే మీకు మేమే థ్యాంక్స్ చెప్పుకోవాలి. ఆ లేబులు పంపారు కాబట్టి సరిపోయింది. లేకపోతే లైను లైనంతా అనుమానించాల్సొచ్చేది. నలభై కుటుంబాలండీ.”

“ఆవిణ్ని తిరిగి తీసుకోండి. కావాలంటే నా మీద కంపెనీకి రాయండి, ఆ ఉత్తరం అబద్ధమని రాసిమ్మంటే రాసిస్తాను.”

అన్నాక తానేమన్నారో ఆయనకే వినిపించింది. మేనేజరుకీ వినిపించింది. సానుభూతిగా తలూపాడు.

“ఎందుకండీ, ఫైలు మూసేశారు వాళ్లు. టీ తాగుతారా?”

మాస్టారు టీ తాగలేదు. ఆదివారమంతా ఇంట్లో కుళాయి దగ్గర కూర్చున్నారు. వాషరు మార్చారు. మార్చినా కారింది.

సోమవారం హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పాపం. కానీ మాస్టారూ, అది బడి తప్పని మనం ఎక్కడా రాయకూడదు, తెలుసుగా? ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించేశాం. ఆ పిల్లని రమ్మనండి, పుస్తకాలవీ మనమే ఇద్దాం.” పుస్తకాలు ఆ బడిలో ఎప్పుడూ ఉచితమే.

గురువారం మధ్యాహ్నం ప్రపంచం పీరియడు మొదలై అయిదు నిమిషాలైంది. గుమ్మంలో గుండీ. యూనిఫాం లేదు. తల్లి పాత బట్టలు కురచ చేసి కుట్టినవి వేసుకుంది. జడ పైకి కట్టి ముడేసింది. మిషను దగ్గర జుట్టు వేలాడకూడదు.

“సార్, కాగితం.”

మాస్టారు క్లాసుని చదువుకోమని చెప్పి ఆ పిల్లని పక్క గదిలోకి తీసుకెళ్లారు. అడ్మిషన్ రిజిస్టరు ఆయన బీరువాలోనే ఉంటుంది. సర్టిఫికెట్లు రాసేదీ ఆయనే. హెడ్మిస్ట్రెస్ గారు ఒకేసారి పాతిక ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారు.

“మీ అమ్మ పంపించిందా?”

“నేనే వచ్చాను సార్. అమ్మ వద్దులే, ఇంకోలా చూద్దాం అంది. ఇంకోలా ఏముంది?”

“నీకు చదువుకోవాలని లేదా?”

“ఉంది సార్.”

“మరి?”

గుండీ అరచేతులు చూసుకుంది. “కాగితం లేకపోయినా తీసుకుంటారు సార్. కింది షెడ్డులో. దారాలు కత్తిరించడానికి. అక్కడ మా అంత పిల్లలే ఉంటారు. వాళ్లకి కార్డుండదు. వేలు తెగితే అసలు ఆ పిల్ల మా దగ్గర లేనే లేదంటారు. కార్డుంటే పై షెడ్డు. అక్కడ కనీసం రాసుంటుంది కదా, ఉన్నానని.” పాఠం అప్పజెప్పినట్టు అంది: “లెక్కలో లేనివాళ్లకి హక్కు లేదని మీరే చెప్పారుగా.”

చెప్పారు. మొదటి నెలలోనే చెప్పారు. రెండు మాటలకీ ప్రాస కుదిరిందని మురిసిపోయి మూడుసార్లు చెప్పారు.

ఆయన కలం తీశారు. కలం ఏమీ ఆగిపోలేదు, సిరా చక్కగా దిగింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. సంవత్సరం దగ్గర వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంటే గుండీయే చెప్పింది, “మూడు తియ్యండి సార్.” రాశారు. “నెల, తారీఖు అవే ఉంచండి. మార్చేస్తే ఎవరైనా అడిగినప్పుడు తడబడతాను.” ఉంచారు. ముద్ర వేశారు. గుండీ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, తడి ఆరేదాకా ఊది, నాలుగు మడతలు పెట్టింది. ఆ ఊదడంలోనే ఆ పిల్లకి ఇంకో మూడేళ్లు వచ్చేశాయి.

“షిఫ్టు రెండున్నరకి సార్. ఇంకా టైముంది. ఈ పీరియడు కూర్చోనా?”

వద్దనడానికి ఆయనకి ఏ కారణమూ దొరకలేదు.

మూడో బెంచీలో ఆ పిల్ల చోటు అలాగే ఉంది. పక్కనున్న పిల్ల జరిగి కూర్చుని, తన పుస్తకం మధ్యలోకి పెట్టింది. షోకేసు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ చూడలేదు. ఆ రోజు పాఠం నీళ్ల గురించి: ఏ దేశంలో మనిషికి రోజుకి ఎంత నీరు దొరుకుతుంది, ఎవరు ఎంత దూరం నడుస్తారు. మాస్టారు పాఠం చెప్పారు. గొంతు ఎప్పటిలా వరండా దాకా వెళ్లలేదు, మొదటి బెంచీ దగ్గరే ఆగిపోయింది. ఒక్క చమత్కారం కూడా రాలేదు, పిల్లలు ఎదురుచూసినా. గుండీ పక్కదాని పెన్సిలు అడిగి తీసుకుని, ఆ అమ్మాయి నోటుపుస్తకంలోనే ఒక మూల అంకెలు రాసుకుంటోంది.

పీరియడు అయిపోవడానికి పది నిమిషాలుందనగా గుండీ చెయ్యెత్తింది.

మాస్టారు చూశారు. ఆ పిల్ల ఏమడుగుతుందో ఆయనకి తెలీదు. నీళ్ల గురించే కావచ్చు. నడిచే దూరం గురించి కావచ్చు. మామూలు సందేహమే కావచ్చు. చూసి, నల్లబల్ల వైపు తిరిగి, అక్కర్లేని పట్టిక ఒకటి గీయడం మొదలుపెట్టారు. నాలుగు నిలువు గీతలు, ఆరు అడ్డగీతలు. గళ్లలో దేశాల పేర్లు నింపారు. సుద్దముక్క విరిగితే ఇంకోటి తీసుకున్నారు. తిరిగి చూసేసరికి ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. నొప్పి పుట్టిందేమో, రెండో చేత్తో మోచేతిని కింద పట్టుకుని నిలబెట్టింది.

గంట కొట్టారు.

గుండీ చెయ్యి దించింది. పెన్సిలు పక్క పిల్లకి ఇచ్చేసి, అందరికంటే ముందు లేచి, బెంచీల మధ్యనించి గబగబా వెళ్లిపోయింది. ఆలస్యమైతే గేటు మూసేస్తారు.